రువి బజారులో సున్నా

మస్కట్ లో పరాయి దేశంలో ఉన్నామన్న దిగులు పోవాలంటే శుక్రవారం సాయంత్రం రువి హై స్ట్రీట్ కి వెళ్ళాలి. చుట్టూ బోడికొండలు, మధ్యన కిక్కిరిసిన బజారు. బంగారం కొట్లు, చీరల కొట్లు, మలయాళీల చాయ్ దుకాణాలు. 2005లో ఓ శుక్రవారం నేను డీవీడీ ప్లేయరు చంకన పెట్టుకుని, దాన్ని కొన్న కొట్టుకే మళ్ళీ వెళ్ళాను.

సంగతేమిటంటే, మా అమ్మ మనవడి ఏడో పుట్టినరోజుకని విజయవాడలో ఓ బొమ్మల సినిమా డిస్కు కొని, గీత పడకుండా చీర మడతల్లో పెట్టి తెచ్చింది. కేకు కోశాం, పిల్లలంతా టీవీ ముందు చేరారు. డిస్కు వేస్తే తెరమీద 'రీజియన్ తప్పు' అని వచ్చి ఊరుకుంది. అమ్మ ముఖం చిన్నబోయింది. "కొట్టువాడు దొంగ సరుకు అంటగట్టాడేమోరా" అంది.

నిజానికి అది అసలు సరుకు కాబట్టే ఆడలేదు. దొంగ కాపీ అయితే హాయిగా ఆడేది. వాళ్ళు తాళం తీసేసే అమ్ముతారు!

పిల్లలూ, సినిమా ఒక్కో దేశంలో ఒక్కోసారి విడుదలయ్యేది కదా. ఒకచోటి డిస్కు ఇంకోచోటి థియేటరును దెబ్బతీయకూడదని స్టూడియోలు ప్రపంచాన్ని గళ్ళుగా కోశాయి. అమెరికా 1, ఐరోపా, జపాన్ లతో పాటు మన ఒమన్ 2, ఇండియా 5, చైనా 6. విమానాలకూ ఓడలకూ 8. అంటే మా అమ్మ అయిదులో విమానమెక్కి, ఎనిమిదిలో ఎగిరి, రెండులో దిగిందన్నమాట. డిస్కులో ఎనిమిది బిట్లుంటాయి, గడికొకటి. ప్లేయరు తన అంకె తాలూకు బిట్ చూసి, వద్దని ఉంటే ఆగిపోతుంది.

ఎమ్మెస్ కంప్యూటర్స్ చదివిన నేను ముందు లాప్ టాప్ తో తంటాలు పడ్డాను. 2000 నుంచి వచ్చిన డ్రైవుల్లో గడి అయిదుసార్లే మార్చనిస్తారు. లెక్క డ్రైవులోనే ఉంటుంది, విండోస్ మళ్ళీ వేసినా చెరగదు. మా చెల్లెలు పంపిన అమెరికా డిస్కుల కోసం అటూ ఇటూ తిప్పి ఆ అయిదూ ఎప్పుడో ఊడ్చేశాను. అది ఒకటి దగ్గరే బిగుసుకుపోయింది.

కొట్టులో మలయాళీ కుర్రాడు నా ఉపన్యాసం వినలేదు. ట్రే తెరిచి, రిమోట్ మీద ఏవో అంకెలు టకటకా నొక్కాడు. కంపెనీవాళ్ళు ఒకే మిషను ప్రపంచమంతటికీ చేసి, గడి అంకె మాత్రం లోపలి మెమరీలో రాసి పంపుతారట. దాచిన మెనూలో ఆ రెండుని సున్నా చేశాడు. కొన్ని మోడళ్ళకి కొత్త ఫర్మ్ వేర్ డిస్కు కావాలి, మరికొన్నిటికి లోపల చిప్పే మార్చాలి. "సారే, దీనికి అంత లేదు" అని డబ్బు కూడా తీసుకోలేదు.

ఇంటికొచ్చి వేస్తే అమ్మ డిస్కు ఆడింది. చెల్లెలి డిస్కుల్లో ఒకటి మాత్రం ప్రపంచపటం చూపించి మొరాయించింది. 2000లోనే స్టూడియోలు ఇంకో కాపలా పెట్టాయి. డిస్కే ప్లేయరుని నీ అంకెంత అని అడుగుతుంది, సున్నా అంటే ఒప్పుకోదు. మళ్ళీ మెనూలోకి వెళ్ళి, ఈసారి నేనే, ఒకటి పెట్టాను.

"మనుషులకి వీసా చాలదూ, వీటిక్కూడానా?" అంది అమ్మ.

మరుసటి శుక్రవారం పిల్లల్ని మళ్ళీ పిలిచాం. కేకు లేదు, అమ్మ చేగోడీలు వేయించింది.