ఎముక విరిగితే చెయ్యి వేడెక్కుతుందా?

డాక్టరునై ఉండీ మా ఇంట్లోనే నేను చేసిన పొరపాటు ఒకటి ఇవాళ మీకు చెబుతాను.

అది 1994. మా అబ్బాయికి పదహారేళ్లు. సైకిలు మీంచి పడుతూ అరచెయ్యి నేలకు ఆనించాడు. మణికట్టు కొద్దిగా వాచింది. ఎక్స్‌రే తీయించాను. పగులేమీ కనపడలేదు. "బెణుకే, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది" అని కట్టు కట్టి ఊరుకున్నాను.

పది రోజులయింది. వాపు తీసింది. కాని మా అమ్మ రోజూ వాడి రెండు చేతులూ పట్టుకు చూసి, "ఒరే, ఈ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉందిరా. ఇంకోసారి ఫోటో తీయించు" అంటూనే ఉంది. "ఎక్స్‌రే కంటే నీ చెయ్యి గొప్పదా అమ్మా?" అని నవ్వాను. నెల తిరిగినా వాడు నీళ్ల చెంబు ఎత్తలేకపోతే అప్పుడు మళ్లీ తీయించాను. బొటనవేలి మొదట్లో, మణికట్టులో ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకలో గీత స్పష్టంగా కనపడింది.

ఈ ఎముక విరిగితే మొదటి రోజు ఎక్స్‌రేలో కనపడకపోవడం అరుదేమీ కాదు. బొటనవేలి మొదట్లో, పూర్వం నశ్యం పోసుకుని పీల్చేవారే, ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే అనుమానించాలి. చెయ్యి కదలకుండా కట్టి, పది పధ్నాలుగు రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. ఇది నేను చదువుకున్నదే, పాటించలేదంతే. ఈ ఎముకకు రక్తం చాలావరకు ఒక కొస నుంచే అందుతుంది. అంచేత ఆలస్యమైతే అతుక్కోకుండా పోవచ్చు. మావాడికి మూడు నెలల పిండికట్టుతో అతుక్కుంది గాని, ఇప్పటికీ బరువెత్తితే ఆ మణికట్టు పట్టేస్తుంది.

మరి మా అమ్మ చేతికి తెలిసిందేమిటి? దెబ్బ తగిలిన చోటును బాగుచెయ్యడానికి శరీరం అక్కడికి ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. దాంతో పైచర్మం వేడెక్కుతుంది. మన ఒంటి వేడి కంటికి కనపడని కిరణాలుగా ఎప్పుడూ బయటికి వస్తూనే ఉంటుంది. ఎండలో ఇలాంటి కిరణాలున్నాయని 1800లో విలియం హెర్షెల్ థర్మామీటరుతో కనిపెట్టాడు. వీటిని పట్టి బొమ్మగా చూపేదే థర్మల్ కెమెరా. 2020లో కరోనా రోజుల్లో మీ నుదుటికి ఎదురుగా పెట్టి జ్వరం చూశారే, ఆ పరికరం పనిచేసేదీ ఈ సూత్రం మీదే. ఇది ఒంట్లోకి ఏ కిరణాలనూ పంపదు. నొప్పి లేదు, తాకనక్కరలేదు.

సాధారణంగా మన రెండు చేతుల వేడిలో తేడా అర డిగ్రీ సెంటీగ్రేడుకు మించదు. విరిగిన వైపు అంతకంటే వేడిగా ఉంటే కెమెరా బొమ్మలో ఆ చోటు ఎర్రగా కనిపిస్తుంది. ఎముక అతుక్కుంటున్న కొద్దీ వారాల మీద ఆ వేడి దిగుతూ వస్తుంది. దిగిన వేడి మళ్లీ పెరిగితే చీము పట్టిందేమోనని చూడాలి. చిన్నపిల్లలను మాటిమాటికీ ఎక్స్‌రేకు తీసుకుపోకుండా దీనితో గమనించవచ్చునా అని పరిశోధనలు జరిగాయి.

అయితే ఇప్పుడే కెమెరా కోసం వెతకకండి. అది చూసేది చర్మం వేడినే గాని ఎముకను కాదు. బెణికినా, చీము పట్టినా, కాపడం పెట్టినా చర్మం వేడెక్కుతుంది. తుంటి ఎముక లోతున ఉంటుంది కనుక, అది విరిగినా పైన వేడి తెలియకపోవచ్చు. పిండికట్టు ఉంటే లోపలి చర్మం కనిపించదు. అందుకే నేటికీ ఆస్పత్రుల్లో ఇది మామూలు పరీక్ష కాలేదు. వేడి "ఇక్కడ చూడు" అని మాత్రమే చెబుతుంది. విరిగిందో లేదో తేల్చేది ఎక్స్‌రే. అందులో తెలియకపోతే సి.టి. స్కానో, ఎం.ఆర్.ఐ.యో.

కనుక మీరు చెయ్యవలసిందేమిటి? దెబ్బ తగిలిన చోట మర్దనా చెయ్యకండి, కాపడం పెట్టకండి. అట్టముక్కో, స్కేలో ఆనించి కదలకుండా కట్టి డాక్టరుకు చూపించండి. కట్టు బిగువుగా ఉండకూడదు. కట్టు కట్టాక వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి భరించలేనంతగా పెరిగినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అది రక్తం అందడం లేదనడానికి గుర్తు కావచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లి అడగండి. మొహమాటపడకండి. "ఈ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉందండీ" అని మీ ఇంట్లో పెద్దావిడ అంటే, డాక్టరుగారు నవ్వినా సరే, ఆ మాట ఆయన చెవిన వెయ్యండి. ఆ రోజు మా అమ్మ మాట విననందుకు శిక్ష అనుభవించింది నేను కాదు, మా అబ్బాయి.