ఒంటరి సంసారం

అమెరికాలో ఒకరు తమ కొండచిలువను 1961లో సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలకు అప్పగించారు. పదిహేనేళ్లకు పైగా మగపాము మొహం చూడని ఆ ముసలిది, 2020లో 7 గుడ్లు పెట్టింది. ఈ సంగతి చెపితే మా అత్తగారు, "చాల్లే నాయనా, వేళాకోళం!" అని కొట్టిపారేశారు.

మర్నాడు తులసికోట మట్టి గుల్ల చేస్తూంటే, నల్లగా, వానపాములా ఏదో మెలికలు తిరిగింది. చూస్తే గుడ్డిపాము! చీపురెత్తాను.

"కొట్టకు నాన్నా! దానికి విషం లేదు. చీమల గుడ్లూ, చెదలూ తిని బతుకుతుంది. ఆ జాతిలో అన్నీ ఆడవేనట. మగతోడు లేకుండానే గుడ్డు పిల్లవుతుంది" అంది మా అమ్మాయి.

అత్తగారు వంగి చూశారు. ఇరవయ్యారో యేట పసుపుకుంకుమలు పోగొట్టుకుని, ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి ఆవిడ.

"వదిలెయ్యి నాయనా. దాని తిప్పలేవో అది పడుతోంది" అంటూ, నా చేతిలో చీపురు తీసేసుకున్నారు.