పిల్లల మాటకు చాటు కావాలి

లాక్‌డౌన్‌లో ఊరంతా ఇంటిపట్టున ఉన్నా పాశమైలారం, బొల్లారం వైపు మందుల ఫ్యాక్టరీలు నడిచాయి. నాన్న రోజూ షిఫ్టుకు వెళ్లొచ్చే ఇళ్లలో పిల్లల భయం అంతా ఇంతా కాదు. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చాక అలాంటి పిల్లలను వైద్యుడిగా ఫోనులోనే చూశాను. ఎవరినీ గుర్తుపట్టడానికి వీల్లేకుండా వివరాలు మార్చి రెండు అనుభవాలు చెబుతాను.

పన్నెండేళ్ల పాప. "సారూ, నల్లా కాడికెళ్లి కదుల్తలేదు. వాళ్ల నాయన ముట్టిన గిన్నెను మళ్ల మళ్ల తోముతున్నది" అంది తల్లి. వీడియోలో పాప చేతులు చూపించింది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రబారింది. మామూలు రోజుల్లో, పదే పదే కడిగే ఈ జబ్బుకు వైద్యం తెలిసిందే: భయపడే వస్తువును ముట్టించి, వెంటనే కడుక్కోకుండా ఆపడం. కానీ టీవీలో, గోడల మీద, ఫోను కాలర్ ట్యూనులో అందరూ కడుక్కోమనే చెబుతున్న కాలమది. అందుకే పాపతో కలిసి ఒక హద్దు గీశాం. బయటి నుంచి వచ్చాక, తినే ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో 20 సెకన్లు. అంతకుమించి వద్దు. నాన్న టిఫిన్ డబ్బా ముట్టుకుని, పదికి ఎంత భయముందో చెప్పాలి. మొదట తొమ్మిది అనేది. కడుక్కోకుండా కూర్చుంటే ఆ భయం దానంతటదే దిగడం తనే చూసింది. "నాకు కరోనా రాదు కదా?" అని అడిగినప్పుడల్లా తల్లి "రాదు" అనడం మానేసి, "భయమైతున్నదా? నీ పక్కనే కూసుంట" అనడం నేర్చుకుంది. అక్కడ తల్లే సగం వైద్యురాలు.

కరోనా రెండో దశలో తండ్రిని పోగొట్టుకున్న పదహారేళ్ల అబ్బాయి విషయం వేరు. మైనర్లతో వైద్యులు ఫోనులో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు తోడుండాలన్నది నిబంధన. అది మంచిదే. కానీ ఒంటి గది ఇంట్లో తల్లి పక్కనుంటే "బాగనే ఉన్న సార్" తప్ప ఇంకో మాట రాలేదు. అందుకే మొదట తల్లితో మాట్లాడి, ఆమె ఒప్పుకున్నాక, అబ్బాయిని డాబా మీదికి వెళ్లమన్నాను. ఆమె మెట్ల దగ్గర, కనిపించేంత దూరంలో, వినిపించనంత ఎడంగా కూర్చుంది. అప్పుడు చెప్పాడు: "నేను క్రికెట్‌కు పోయొచ్చిన. నా వల్లనే నాన్నకు అంటింది." ఆ మాట అమ్మ వింటే తట్టుకోలేదని నెలల తరబడి దాచాడు. తండ్రి ఎక్కడెక్కడ తిరిగాడో, ఎవరెవరికి జ్వరం వచ్చిందో వరుసగా చెప్పించాను. ఎవరి నుంచి అంటిందో ఎవరూ తేల్చలేరని వాడికే అర్థమైంది. తర్వాత ఆ మాట తల్లితో వాడే చెప్పాడు.

2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇప్పుడు ఎవరికైనా ఉచితం. కానీ ఆ ఫోను పట్టుకుని మాట్లాడే చోటు పిల్లలకు ఇవ్వాల్సింది మనమే. ఈ ప్రాంతంలోని ప్రతి హైస్కూలులో తలుపు వేసుకునే ఒక గది, వారానికి ఒక గంట ఇందుకోసం కేటాయించాలి. తల్లిదండ్రులారా, మీ బిడ్డ వైద్యుడితో విడిగా మాట్లాడతానంటే అనుమానించకండి. కాస్త ఎడం జరగండి.