పరాసుపేటకు లేని ప్రశ్న

మాది బందరు. కాగితాల్లో మచిలీపట్నం. ఇప్పుడుంటున్నది హైదరాబాదు కొత్తపేటలో. పుణె నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ దాటి, బెజవాడ మీదుగా పోయి మా ఊళ్లోనే ఆగిపోతుంది. కొత్త బంధమేమీ కాదు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు రేవు బందరే.

1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు మా ఊళ్లో వ్యాపారానికి దిగారు. అందరూ పోయారు. పేర్లు మిగిలాయి. హాలండువాళ్లు మా నోళ్లలో వలందులై వలందపాలెం అయింది. ఫ్రెంచివాళ్లు పరాసులై పరాసుపేట అయింది. ఇంగ్లీషుపాలెం సరేసరి. పక్కనే పెడనలో కరక్కాయ నీళ్లలో బట్ట తడిపి, అచ్చులద్ది, రంగులు పట్టిస్తారు. ఆ పనికి పేరు కలంకారీ. కలం, కారీ రెండూ ఫార్సీ మాటలే. ఇవి తెలుగు పేర్లు కావని బందరులో ఎవరైనా అనగా నేను వినలేదు.

మరి నా పేరు?

కొత్తపేటలో 'టు లెట్' బోర్డు చూసి ఫోన్ చేస్తాను. నా యాస విని అవతలాయన "మీది కృష్ణా జిల్లానా అండీ?" అని సంబరపడతాడు. అద్దె కుదురుతుంది, అడ్వాన్సు కుదురుతుంది. పేరు చెప్పేసరికి, అప్పటిదాకా లేని బావమరిది ఆ ఇంట్లో దిగబోతుంటాడు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాక ఒకాయన మొహం మీదే చెప్పాడు: "ఏమనుకోకండి, రోజులు బాలేవు." పేలినచోటు పక్కనే నేనూ రోజూ బస్సెక్కేవాణ్ణి. బాంబుకు నా మతం తెలీదు. ఇంటాయనకు తెలిసింది.

పాతబస్తీకి పోతే ఇంకో పరీక్ష. నా ఉర్దూలో తెలుగు వాసన పట్టి "ఆంధ్రావాలే హై క్యా?" అంటారు. ఒకచోట సాయిబుని, ఒకచోట ఆంధ్రావాలాని. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఆ ప్రశ్నకు పదును పెరిగింది.

బందరు స్వర్గమని నేను చెప్పను. పీర్ల పండక్కి అన్ని కులాలవాళ్లూ మా వీధికొచ్చేవాళ్లు, పిల్లలకు తాయెత్తులు కట్టించుకునేవాళ్లు. ఆ వచ్చినవాళ్ల ఇళ్లలోనే నేను నీళ్లు తాగే గ్లాసు విడిగా ఉండేది. "నువ్వు సాయిబులా ఉండవురా" అని మెచ్చుకునేవాళ్లు. అది మెచ్చుకోలా, తిట్టా? అమ్మీని అడిగితే నవ్వి ఊరుకునేది. కానీ గ్లాసు విడిగా పెట్టినవాళ్లు కూడా నన్ను ఈ ఊరివాడివి కాదు అనలేదు. అద్దకానికీ, చేపల బేరానికీ, కుట్టుపనికీ ఒకరికొకరు కావాలి. రోజూ ముఖాలు చూసుకోవాలి. ప్రేమ ఉన్నా లేకపోయినా పని ఉండేది. ఇక్కడ గోడకు గోడ ఆనుకునే ఉంటాం. ఒకరితో ఒకరికి పనిలేదు. పనిలేని చోట పేరొక్కటే మిగులుతుంది, దాన్నే తిరగేసి చూస్తారు.

నా కూతురు కొత్తపేటలోనే పుట్టింది. తెలంగాణ తెలుగు మాట్లాడుతుంది. "అబ్బా, మనదేవూరు?" అని అడుగుతుంది. రెండూ మనవేనని చెప్తాను. రేపు అద్దె ఇంటికోసం అదే ఫోన్ చేస్తే ఏం వినాలో మాత్రం ఇంకా చెప్పలేదు.

మమ్మల్ని సహించమని నేనడగటం లేదు. సహనం అద్దె ఇల్లు లాంటిది, ఎప్పుడైనా ఖాళీ చెయ్యమంటారు. వచ్చి వెళ్లిపోయిన పరాసుకు ఊళ్లో ఒక పేటే ఇచ్చారు. వచ్చో, ఇక్కడే పుట్టో, వెళ్లకుండా ఉన్నవాడి పేరును కూడా తెలుగు పేరేనని ఒప్పుకోవడానికి ఇంకెన్నాళ్లు కావాలి?