గొంతు లోపల, మనిషి బయట

మా నాయిన గొంతు గుడిలోకి పోయేది. మా నాయిన పోయేవాడు కాదు. శ్రీరామనవమి వచ్చిందంటే ఎవరో ఒక పటేలు వాడ బయటే నిలబడి "ఒరేయ్, పొద్దూకంగ భజనకు రారా" అని కేకేసేవాడు. పందిరి అవతల, చెప్పులు విడిచే కాడ నాయిన చేతికి మైకు ఇచ్చేవాళ్లు. పాట ఊరంతా మోగేది. ప్రసాదం మాత్రం పైనించి దోసిట్లో పడేది.

మా మాదిగవాడలో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేను. ఇంగ్లీషు టీచరునై మండల కేంద్రంలో గది వెతుక్కుంటుంటే కులం అడిగారు. వేరే కులం చెప్పాను. నాయిన చూడటానికి వస్తానంటే "నేనే వస్తలే" అన్నాను. అట్లా రెండేళ్లు.

నాయిన పోయిన మరుసటేడు, 2020లో, కరోనాకు బడులు మూసి ఉన్నప్పుడు ఫోన్లో ఒక అమెరికా పాటగాణ్ణి చూశాను. చార్లీ ప్రైడ్. నల్లవాడు. అక్కడి పల్లెపాటను 'కంట్రీ' అంటారు. అది తెల్లవాళ్ల సొత్తు అనుకుంటారు గానీ, అందులో మోగే బాంజో ఆఫ్రికా బానిసలతో వచ్చిందే. ప్రైడ్ 1934లో మిసిసిపీలో పాలు చేసుకునే కుటుంబంలో పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో ఒకడు. పత్తి ఏరాడు. 1966లో రికార్డు కంపెనీ అతని పాటల్ని ఫొటో లేకుండా రేడియోలకు పంపింది. గొంతు తెల్లవాళ్ల ఇళ్లలోకి పోయింది, ముఖం పోలేదు. తర్వాత వేదిక ఎక్కితే, మనిషిని చూసి చప్పట్లు ఆగిపోయిన రోజూ ఉంది. 2020 నవంబరు 11న, ఎనభై ఆరేళ్ల వయసులో, నాష్‌విల్‌లో జీవితకాల పురస్కారం అందుకుని తన పాత పాట పాడాడు. పక్కన ఒక నల్ల కుర్రవాడు గొంతు కలిపాడు. డిసెంబరు 12న కరోనాతో పోయాడు. అభిమానులకు అదే ఆఖరి పాటయింది.

నాకు నాయిన ఆఖరి పాట యాదికొచ్చింది. 2019లో శ్రీరామనవమి, అంబేద్కర్ జయంతి ఒక్కరోజే, ఏప్రిల్ 14న పడ్డాయి. పొద్దున్నే కేక వచ్చింది. నాయిన దగ్గుకుంట గడపలోకి వచ్చిండు.

"ఇయ్యాల మా పండుగుంది పటేలా. నా పాట గావాల్నంటే మా వాడకే రాండ్రి."

ఎవరూ రాలేదు. ఆ రాత్రి విగ్రహం ముందు, లైటు వెలుగులో నిలబడి పాడాడు. నడుమ ఆపి, "ఊపిరి అందుతలేదు. గిదే ఆఖరు. ఇన్నేండ్లు ఇన్నరు, అందరికీ శనార్తి" అన్నాడు. ముసలోళ్లు ఏడ్చారు. పిల్లలు ఆయన ముఖంలోకే చూస్తున్నారు. నేను తల దించుకున్నాను.

మర్నాడు ఇంటి యజమానికి నా కులం చెప్పాను. నెల తిరగకముందే గది ఖాళీ చేయమన్నాడు. సామాను తీసే రోజు నాయిన వచ్చాడు. పుస్తకాల మూట ఎత్తలేక, నా చాప చంకన పెట్టుకుని మెల్లగా మెట్లు దిగాడు. ఆ ఇంటివాళ్లు మా నాయిన ముఖం చూసింది ఆ ఒక్కరోజే.