నాతవలస నుంచి సిమిలిగుడ దాకా

విశాఖ రేవులో లోడెత్తుకున్న లారీ నాతవలస దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిని వదిలి 26వ నంబరు దారి పడుతుంది. విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాకా బండికి పెద్ద పరీక్షేమీ ఉండదు. ఆ తర్వాత ఘాట్. హెడ్ గ్యాస్కెట్ పోయిన బండ్లు ఆగేది ఆ ఘాట్‌లోనే. కానీ జబ్బు చాలావరకు కిందే మొదలై ఉంటుంది. ఎక్కుడు దాన్ని బయటపెడుతుంది, అంతే.

ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్డుకూ మధ్య బిగించే పలచటి రేకే గ్యాస్కెట్. సిలిండర్లో మండే గ్యాసు, పైకెక్కే ఆయిలు, చుట్టూ తిరిగే నీళ్లు ఒకదాంట్లో ఒకటి కలవకుండా చూడటం దాని పని. డీజిల్ ఇంజన్‌లో నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ క్షణాన ఒత్తిడి 100 బార్లు దాటిపోతుంది. దాన్ని ఆపేది ఆ రేకూ, హెడ్ బోల్టుల బిగువూ. ఇంజన్ ఒక్కసారి బాగా వేడెక్కి హెడ్డు వంగిందంటే చాలు, రేకు మీద పట్టు సడలుతుంది.

రామభద్రపురం దగ్గర టీకి ఆగినప్పుడు మొదటి గుర్తు దొరకొచ్చు. పొద్దున నింపిన కూలెంటు తగ్గింది, బండి కింద మాత్రం చుక్క తడి లేదు. ఏ పైపూ కారడం లేదు. మరి నీళ్లెక్కడికి పోయాయి? జవాబు తేలకుండా ఘాట్ ఎక్కకూడదు.

సాలూరు వేగావతి ఒడ్డున ఉన్న లారీల ఊరు. పరీక్ష చేయించాల్సింది ఇక్కడే. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయాలి. నీళ్లింకా వేడెక్కకముందే బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్ గ్యాసు నీళ్లలోకి చొరబడుతోందని అనుమానించాలి. మూత బిగించి నడిపినప్పుడు చల్లటి ఇంజన్ మీదే పై హోస్ పైపు గట్టిపడినా అదే అనుమానం. అయితే లారీకి ఇంకో దొంగ ఉన్నాడు. ఎయిర్ బ్రేకుల కంప్రెసర్‌ను చాలా బండ్లలో ఈ నీళ్లే చల్లబరుస్తాయి. దాని గ్యాస్కెట్ పోయినా రేడియేటర్లో బుడగలు లేస్తాయి. హెడ్డు విప్పేముందు దాన్ని చూడమని మెకానిక్‌ను అడగాలి.

తర్వాత డిప్‌స్టిక్ లాగి చూడాలి. ఆయిలు పాలు కలిపిన టీ రంగుకు తిరిగితే అందులో నీళ్లు కలిశాయి. అప్పుడూ తప్పు గ్యాస్కెట్‌దేనని తీర్పివ్వడానికి లేదు. ఆయిల్ కూలర్ చిల్లుపడినా రెండూ కలుస్తాయి. తెల్లపొగ కూడా అంతే. ఇంజెక్టర్ సరిగా లేక మండని డీజిల్ కళ్లు మండించే ఘాటు వాసనతో వస్తుంది. కూలెంటు పొగ తియ్యటి వాసన వేస్తుంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో కంప్రెషన్ పడిపోతే మాత్రం వాటి మధ్య రేకు తెగిందనడానికి బలమైన సాక్ష్యం. ఒక్క గుర్తుతో హెడ్డు విప్పొద్దు. రెండు మూడు కలిసొస్తే విప్పకుండా ఉండొద్దు.

సాలూరు దాటాక దారి సుంకి మీదుగా పొట్టంగి వైపు మెలికలు తిరుగుతూ, సిమిలిగుడకు చేరేసరికి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. చిన్న గేరు, నిండు లోడు, రేడియేటర్‌కు తగిలే గాలి తక్కువ. చదును మీద అదుపులో ఉన్న టెంపరేచర్ ముల్లు ఇక్కడ ఎర్రగీత వైపు పాకుతుంది. నీళ్లు ఓవర్‌ఫ్లో పైపులోంచి ఎగదన్నుతాయి. అక్కడే, భద్రంగా ఉన్నచోట పక్కకు ఆపాలి. వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన కొడతాయి. కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగిలే ప్రమాదముంది. చల్లారాక సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరగకుండా పట్టేసిందా, మళ్లీ కొట్టొద్దు. సిలిండర్లో నీళ్లు నిలిచి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

విప్పిన తర్వాత కొత్త గ్యాస్కెట్ వేసి ఊరుకుంటే పని సగమే అయినట్టు. హెడ్డు మీద స్కేలు పెట్టి వంపు చూడాలి, లైనర్ల ఎత్తు కొలవాలి, బోల్టులు కంపెనీ చెప్పిన వరసలో టార్క్ రెంచితో బిగించాలి. అసలు వేడెందుకెక్కిందో, వాటర్ పంపో థర్మోస్టాటో, తేల్చాలి.

లారీ యజమానులకు ఒక్క మాట. ముల్లు చూసి బండి ఆపిన డ్రైవరును ఆలస్యమైందని తిట్టకండి. ఆ ఆగడం గ్యాస్కెట్ ఖర్చుతో పోతుంది. ఆగకపోతే ఇంజనే పోతుంది.