జింకలకు గింజలు వేయవచ్చునా?

పెరటితోట వేసిన మన మిషిగన్ తెలుగువారికి జింకలను పరిచయం చేయనక్కరలేదు. గోంగూర చిగుళ్ళను, చిక్కుడు తీగెను రాత్రికి రాత్రే బోడి చేసి పోయేవి ఇవే. అయితే ఇది వాటిమీద ఫిర్యాదు కాదు.

ఒక చలికాలం మా అమ్మ ఇక్కడ ఉన్నప్పుడు, మంచులో నిలబడ్డ జింకల్ని చూసి, "నోరులేని జీవాలు. ఇన్ని మొక్కజొన్న గింజలు పడేస్తే మన సొమ్మేం పోతుందిరా?" అంది. నేను వేయనివ్వలేదు. మార్చిలో కంచె పక్కన ఒక చిన్న జింక చచ్చి పడివుంది. అమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆవిడకు ఇచ్చుకున్న సంజాయిషీనే ఇక్కడ రాస్తున్నాను.

ఇక్కడి తెల్లతోక జింక నవంబరు ప్రాంతంలో ఎదకు వచ్చి, సుమారు 200 రోజులు మోసి, మే ఆఖరునో జూన్‌లోనో ఈనుతుంది. శరదృతువులో ఓక్ కాయలు, ఆకులు పుష్కలంగా తిని ఒళ్ళు చేసిన జింకకు సాధారణంగా కవలలు పుడతాయి. అర్ధాకలి జింకకు ఒకటే. ఒక్కోసారి అదీ ఉండదు. మేత బాగా దొరికితే ఆ ఏడు పుట్టిన ఆడపిల్లలు కూడా ఆరేడు నెలలకే చూలు కడతాయి. చూలు నిలిచినంతలో అయిపోలేదు. లూయీ వెర్మ్ అనే శాస్త్రజ్ఞుడు 1960లలో మన రాష్ట్రం ఉత్తరభాగాన దొడ్లలో జింకల్ని ఉంచి పరీక్షించాడు. చలికాలంలో తిండి చాలని తల్లుల పిల్లలు బక్కచిక్కి పుట్టి, చాలావరకు కొద్దిరోజులకే పోయాయి.

పింక్నీ దగ్గర మిషిగన్ విశ్వవిద్యాలయానికి జార్జ్ రిజర్వు అనే కంచె వేసిన అడవి ఉంది. అందులో 1928లో వదిలిన ఆరు జింకలు ఆరేళ్ళలో సుమారు 160 అయ్యాయి. మంద పెరిగితే తల్లికిన్ని చొప్పున బతికే పిల్లలు తగ్గుతాయనీ, మంద పలచబడితే మళ్ళీ పెరుగుతాయనీ డేల్ మెకల్లో తన 1979 నాటి పుస్తకంలో లెక్కలతో చూపాడు. ఎన్ని పిల్లలు కావాలో అడవిలోని మేతే నిర్ణయిస్తుందన్నమాట.

మనం బస్తాలు విప్పితే ఆ లెక్క తప్పుతుంది. పిల్లలు పెరుగుతాయి, అడవి పెరగదు. పైగా చలికాలమంతా పుల్లలు నమిలి బతికే జింక ఒక్కసారిగా మొక్కజొన్న మేస్తే కడుపులో ఆమ్లం పెరిగి, నిండు కడుపుతోనే చచ్చిపోవచ్చు. ఒకే కుప్ప దగ్గర మూతులు కలిస్తే జబ్బులు అంటుకుంటాయి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ 2015లో మన అడవి జింకల్లో కనిపించింది. అందుకే 2019లో రాష్ట్రం దిగువ ద్వీపకల్పంలో జింకలకు మేత వేయడాన్ని నిషేధించింది.

ఆకలిగొన్న మనిషికి పెట్టిన ముద్ద ఆ పూట ఆకలి తీరుస్తుంది. జింకకు వేసిన దోసెడు గింజలు మరుసటి ఏటికి రెండు కొత్త నోళ్ళవుతాయి. వాటికి పెట్టవలసింది మనం కాదు, అడవి. దాతృత్వానికి కూడా తరువాతి ఏటి లెక్క ఉంటుందని ఈ దేశపు జింకలు నాకు నేర్పాయి. అది తెలిసినంత మాత్రాన కంచె పక్కన చూసింది మరుపుకు రాదు.